మండుటెండలో స్కూటీయా? ముందు నీళ్లు తాగండి!

రెండేళ్ల కిందట మే నెల. మధ్యాహ్నం రెండున్నర. కోఠిలో ఆఫీసు పని ముగించుకుని గౌలిపురాలో ఉన్న ఇంటికి స్కూటీ మీద వస్తున్నాను. ఎంత చెడ్డా అయిదు కిలోమీటర్లు మించని దూరం. అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ ఎక్కి దిగి, మదీనా సిగ్నల్ దగ్గర ఆగాను. ముందు ఆటో, పక్కన ఇంకో ఆటో, వెనక ఆర్టీసీ బస్సు. పైనుంచి ఎండ, కిందినుంచి తారు వేడి, చుట్టూ ఇంజన్ల సెగ. చెవుల్లో ఏదో హోరు మొదలైంది. పచ్చలైటు పడింది, వెనక హారన్లు మోగుతున్నాయి. యాక్సిలరేటర్ తిప్పాలన్న సంగతే తోచలేదు. కళ్లముందు చీకట్లు కమ్మాయి. స్కూటీ ఓ పక్కకి ఒరిగిపోయింది.

అదృష్టం, కింద పడలేదు. పక్క ఆటో అతను చప్పున హ్యాండిల్ పట్టుకున్నాడు. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద బట్టల దుకాణం పెద్దాయన "బైఠో బేటీ, బైఠో" అంటూ స్టూలు వేశాడు. రంజన్‌లోంచి గ్లాసు ముంచి చేతికిచ్చి, "సుబహ్ సే పానీ పియే క్యా?" అని అడిగాడు. లెక్కేసుకున్నాను. పొద్దున ఇంట్లో టీ. ఆఫీసులో మాత్ర వేసుకోవడానికి సగం గ్లాసు నీళ్లు. అంతే!

ఎందుకు తాగలేదంటారా? ఆ సంగతి మగవాళ్లకైతే విడమరిచి చెప్పాలి, మీకు అక్కర్లేదు. మా ఆఫీసులో ఆడవాళ్ల బాత్రూమ్‌ ఉంది, అందులో నీళ్లుండవు. బజారులో ఎక్కడికి వెళ్లాలో తెలియదు. దాంతో తాగడమే మానేశాం. పదేళ్లుగా అలవాటైపోయింది. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఒంట్లో నీరు తగ్గడమే కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉందని తేలింది. "స్కూటీకి పెట్రోలు చూసుకునే బయల్దేరతావు కదా, మరి నీ సంగతో?" అని కేకలేసింది.

అప్పటిదాకా ఎండలో బండి నడపడమంటే నాకు తెలిసిన జాగ్రత్తలు రెండే. నల్లకళ్లద్దాలు, త్వరగా వెళ్లిపోవడం. వేగంగా పోతే గాలి తగిలి చల్లగా ఉంటుందనుకునేదాన్ని. మీరూ అలాగే అనుకుంటున్నారా? మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి 42 డిగ్రీలుంటే ఆ గాలి మనల్ని చల్లబరచదు, ఇంకాస్త వేడెక్కిస్తుంది. చల్లబరిచేది చెమట ఒక్కటే. అదెలాగంటే, రంజన్‌కి తడిగుడ్డ చుడితే లోపలి నీళ్లు చల్లబడినట్టు. రంజన్‌లో నీళ్లు నిండుకున్నాక చుట్టూ ఎంత గాలి వీచినా ఏం లాభం? అందులోనూ బండి మీద చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. పట్టినట్టే తెలియదు. నీళ్లు పోతున్నాయన్న స్పృహే ఉండదు.

ఈ రహస్యం నాకంటే ముందే కనిపెట్టింది మా పక్కింటి ఆపా. యాకుత్‌పురాలో ఉన్న స్కూలుకి రోజూ బురఖాతోనే స్కూటీ మీద వెళ్లొస్తుంది. 2018లో రంజాన్ నెల నడి వేసవిలో వచ్చింది కదా. రోజంతా ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టకూడదు. అయినా ఒక్కరోజు కూడా కళ్లు తిరిగి పడిపోలేదు. "ఆపా, ఈ ఎండలో ఆ ముసుగేంటి, ఉక్క కాదూ?" అని నేనే వెటకారం చేసిన రోజులున్నాయి. నా సంగతి తెలిశాక నవ్వి, తన పద్ధతి చెప్పింది. బురఖా కింద తెల్లటి పలచని నూలు గుడ్డ తడిపి, పిండి, మెడకీ తలకీ చుట్టుకుంటుందట. హెల్మెట్ దానిపైనే. సహరీలో మజ్జిగ, సబ్జా గింజలు నానేసిన నీళ్లు కడుపునిండా తాగుతుంది. ఎండెక్కాక బయటి పనులు పెట్టుకోదు. స్కూలు నుంచి వచ్చేటప్పుడు దూరమైనా సరే నీడ ఉన్న గల్లీల్లోంచే వస్తుంది.

అప్పట్నుంచి నేనూ చున్నీ తడిపే బయల్దేరుతున్నా. హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి తడిగుడ్డ బాగా పనిచేస్తుంది. విజయవాడలో ఉన్న మా చెల్లెలికి చెబితే, "ఇక్కడ ఉక్కపోతకి ఆ గుడ్డ ఆరితే కదక్కా" అంది. అదీ నిజమే. అక్కడివాళ్లకి పలచని బట్టలు, ఎండ తగ్గాక ప్రయాణమే దారి. ఒక్క మాట మాత్రం మరవొద్దు. చున్నీ కొసలు వెనక వేలాడితే చక్రంలో చిక్కుకుంటాయి, ప్రాణం మీదికొస్తుంది. కొసలు లోపలికి దోపుకోవాలి. బురఖా అంచుకీ, చీర కుచ్చిళ్లకీ ఇదే మాట.

పొట్టి చేతుల జాకెట్టు హాయి అనుకుంటాం. బండి మీద అది తప్పు లెక్క. చేతులు కప్పే వదులైన నూలు చొక్కా వేసుకుంటే ఎండ సూటిగా తగలదు, చెమట ఒక్కసారిగా ఆరిపోదు. ఎడారి మనుషులు ఒళ్లంతా కప్పుకునేది ఊరికే కాదు మరి! నైలాన్ స్లీవులు బజారులో చౌకగా దొరుకుతున్నాయి కానీ నాకవి నచ్చలేదు, లోపల ఉడికిపోతుంది. ఇక హెల్మెట్. ఉక్క అని హ్యాండిల్‌కి తగిలించుకుని తిరిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నడిపేవాళ్లకీ, వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి. కింద నూలు రుమాలు కట్టుకుని, వారానికోసారి లోపలి మెత్త ఉతుక్కుంటే వాసనా ఉండదు, దురదా ఉండదు.

బండి సంగతులు నాకు మా మెకానిక్ భాయి నేర్పాడు. వేసవిలో టైర్లలో గాలి తగ్గించమని చాలామంది చెబుతారు. అది పొరపాటు. గాలి తక్కువున్న టైరే ఎక్కువ వేడెక్కి పగులుతుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పినంత గాలి పట్టించాలి. టాంకు నిండా పెట్రోలు పోస్తే ఎండకి పేలిపోతుందన్న పుకారు ప్రతి ఏడూ వస్తుంది. అందులో నిజం లేదని ఇండియన్ ఆయిల్ వాళ్లే ప్రకటించారు. కంపెనీ చెప్పిన గీత దాకా నిశ్చింతగా పోయించుకోవచ్చు. బ్యాటరీ స్కూటీ ఉన్నవాళ్లు ఎండలోంచి రాగానే చార్జింగ్ పెట్టకండి, కాసేపు నీడలో చల్లారనివ్వండి. నల్ల రెగ్జిన్ సీటు మీద పాత టర్కీ టవల్ ఒకటి పరిచి ఉంచితే చాలు. ముఖ్యంగా నిక్కర్లు వేసుకున్న పిల్లల్ని ఎక్కించుకునేటప్పుడు ముందు సీటు మీద చెయ్యి పెట్టి చూడండి.

ఇంతకీ ఏం తాగాలి? ఇంటినుంచి బయల్దేరే అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లు, డిక్కీలో ఓ సీసా. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, జొన్న అంబలి ఏదైనా మంచిదే. బాగా నీరసించిపోతే ఓఆర్ఎస్. పాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. ఇంట్లో అయితే లీటరు నీళ్లకి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. దుకాణంలో ఓఆర్ఎస్ అని రాసి ఉన్న తియ్యటి పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తాగండి.

ఇదంతా ఎండ గురించి అతిగా చెప్పడం కాదు. 2015 మే నెల వడగాడ్పులకి దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే. బండి మీద ఉండగా తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే "ఇంకో రెండు సిగ్నళ్లేగా" అనుకోకండి. నేను అనుకునే కదా అంతదాకా తెచ్చుకున్నా. వెంటనే నీడలో ఆపి దిగిపోండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయాలి. మెడ, చంకల్లో తడిగుడ్డలు పెట్టి విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

నీడ అంటే గుర్తొచ్చింది. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారని చెప్పుకుంటాం. ఆ వరద తర్వాత ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డే పత్తర్‌గట్టి కమానులు కట్టించింది. నడిచేవాళ్లకి అప్పుడే నీడ ఇచ్చారు. బండి ఆపి నిలబడేవాళ్లకేదీ? పుదుచ్చేరిలో 2024 మేలో సిగ్నళ్ల దగ్గర ఆకుపచ్చ వలలతో పందిళ్లు వేశారు. మదీనా దగ్గర అలాంటి పందిరొకటి ఉంటే ఎంత బావుణ్ణు!

బాత్రూమ్ సంగతి చెప్పలేదు కదూ. దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఎంజీబీఎస్ బస్టాండు, పక్కనే మెట్రో స్టేషను, దారిలో పెట్రోలు బంకు. బంకులో తాళం వేసి ఉంటే తాళంచెవి అడుగుతాను. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు లేదు. ఆఫీసులోనూ పోయిన వేసవికి నలుగురం కలిసి మేనేజర్ గదిలోకి వెళ్లి కూర్చున్నాం. పాపం ఆయన తలెత్తి చూడలేక ఫైలు తిరగేస్తూనే అంతా విన్నాడు. నెలాఖరుకి మా బాత్రూమ్‌లో కుళాయి తిరిగితే నీళ్లొచ్చాయి. తలుపుకి గొళ్లెం ఇంకా రావాలి.