వేసవి వాద్యదళములు: మొదట దేనిని గోరవలెను?

అమెరికాలోని మన తెలుగువారి బిడ్డలు ఉన్నత పాఠశాలలో జేరినంతనే అక్కడి బ్యాండులో నేదో యొక వాద్యమును చేతబట్టుట యిప్పుడు సామాన్యమైనది. టెక్సాసు, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రములలో మనవారు విస్తారముగ నున్న యూళ్లయం దిది మఱింత కనబడును. సాయంకాలము ఇంటిలో వర్ణము సాధకము చేయు బాలికయే ఉదయము మైదానమున బాకా నూదుచుండును. ఇంతవఱకు తల్లులకు జిక్కు లేదు. పదునాఱేండ్ల ప్రాయమున నా పిల్ల "అమ్మా, నేను డ్రమ్ కోరు పరీక్షకు బోయెదను, ఎన్నికైనచో వేసవి యంతయు వారితో దేశము తిరిగెదను" అన్నప్పుడు తల్లికి సగము మాత్రమే బోధపడును. గుంటూరులోనో కరీంనగరములోనో కూర్చుండి ఫోనులో వినుచున్న అమ్మమ్మకు బొత్తిగా బోధపడదు. అట్టి తల్లులకును అమ్మమ్మలకును ఉపకరించునని యీ సంగతులు వ్రాయుచున్నాము.

కోరు అనగా దళము. ఆంగ్లమున వ్రాయునపుడు చివర రెండక్షరము లధికముగ నుండును గాని వానిని బలుకరు. ఇది పాఠశాల బ్యాండు కాదు. ఇందు మూడే తెగలు గలవు: ఇత్తడి బాకాలు, చర్మవాద్యములు, జెండాలును కొయ్య తుపాకులును ద్రిప్పుచు నర్తించు కలర్ గార్డు. మైదానపు ముందుభాగమున మరింబా, వైబ్రఫోను మొదలగు పెద్ద వాద్యములు నిలిపి వాయించువారిని చర్మవాద్యములవారితోనే చేర్చి లెక్కింతురు. పిల్లనగ్రోవి, క్లారినెట్టు, సాక్సఫోను వాయించువారికి వారి వాద్యముతో నిందు చోటు లేదు. మన బాలికలలో పిల్లనగ్రోవి బట్టినవారు పెక్కుమంది గనుక నీ సంగతి ముందే యెఱుగుట మేలు. అట్టివారు మెల్లఫోను వంటి బాకా నొక్కటి నేర్చుకొనవలెను. లేదా కలర్ గార్డులో జేరవలెను. పియానో నేర్చిన పిల్లకు మరింబా సులువుగ పట్టుబడును.

మొదటి మహాయుద్ధానంతరము మాజీ సైనికుల సంఘములును, చర్చిలును, స్కౌటు దళములును ఊరి పిల్లల కొఱ కీ దళములను బెట్టినవి. 1971లో ముఖ్యమైనవి కొన్ని కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అను సంస్థగా నేర్పడెను. మొదటి మహాపోటీ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రపు వైట్‌వాటరులో జరిగెను. 2009 నుండి పలు సంవత్సరములుగా ఆగస్టు నెలలో ఇండియానాపోలిసు నగరపు పెద్ద క్రీడామందిరమున జరుగుచు వచ్చినది. ఇంచుమించు పదుమూడేండ్లు మొదలు ఇరువది యొకటి రెండేండ్లవఱకే యిందు ప్రవేశము. ఆ ప్రాయము దాటినవారు ఎంత నేర్పరులైనను వెలికి రావలసినదే.

వేసవి యెట్లు గడచునో చెప్పెదము. మే నెల చివర పిల్లలు ఒకచోట జేరి, ఉదయము మొదలు రాత్రివఱకు నొకే ప్రదర్శనమును సాధన చేయుదురు. ఆ ప్రదర్శనము పండ్రెండు నిమిషములకు మించదు! జూను చివర ప్రయాణములు మొదలగును. రాత్రి బస్సులో నిద్ర, తెల్లవాఱుసరికి ఇంకొక యూరు, అక్కడి పాఠశాల వ్యాయామశాలలో నేలపై పడక, లేచిన వెంటనే మైదానము, సాయంకాలము పోటీ, మరల బస్సు. ఇట్లు ఆగస్టు రెండవ వారమువఱకు వేల మైళ్లు తిరుగుదురు. పెద్ద లారీలో నమర్చిన వంటశాల వెంట వచ్చును. 1885లో కడప మండలమున బుట్టిన మన సురభి నాటక సమాజమువారు తెరలతో, వంటపాత్రలతో, బిడ్డలతో ఊరూర మకాము వేయుట నెఱిగిన పాఠకురాండ్రకు ఈ బ్రతుకు క్రొత్తగా దోపదు. భేద మొక్కటియే. సురభివారికి అది జీవనోపాధి. ఈ పిల్లలకు జీతము లేకపోగా తామే ధన మిచ్చుకొనవలెను.

ఆ ధనము స్వల్పము గాదు. పెద్ద దళములలో నొక వేసవికి నాలుగైదు వేల డాలర్లకు మించును. పరీక్షా శిబిరమునకు వేఱుగ రుసుము గలదు. శీతకాలమున నెలనెల జరుగు శిబిరములకు విమానపు ఛార్జీలు వేఱు. దూరపు దళమును గోరు పిల్ల తండ్రి ఈ చివరి పద్దును మఱచి, జనవరి నాటికి తల పట్టుకొనుట మే మెఱుగుదుము.

ఇక దళము నెంచుకొనుట. పిల్లలు సామాన్యముగ పతకములను జూచి యెంతురు. కాలిఫోర్నియాలోని కాంకర్డు పట్టణపు బ్లూ డెవిల్సు దళము ఇరువదికి పైగా మహాపోటీలు గెలిచినది. ప్రతి పిల్లయు దానినే గోరును. కాని యా దళములో స్నేరు డ్రమ్ము వాయించువారు పదిమంది కటునిటుగ మాత్రమే యుందురు. వచ్చువారో దేశము నలుమూలలనుండి వచ్చుదురు. వారిలో నిదివఱకే రెండు మూడు వేసవులు వేఱు దళములలో గడపినవారు పెక్కురు. మొదటిసారి పోవు పదునాఱేండ్ల పిల్ల యీ వరుసలో నిలువజాలకున్న నది యామె లోపము కాదు. పతకములు శాశ్వతములును గావు. 1940లో బుట్టిన బోస్టన్ క్రుసేడర్సు దళము తన మొట్టమొదటి మహాపోటీ విజయమును 2025లో గాని పొందలేదు. అంతకు ముందు సంవత్సరములలో నందు నేర్చుకొన్నవారి విద్య తక్కువదని యెవ్వ రనగలరు?

మా యభిప్రాయములో మొదటి దళమున కొక్కటే ప్రశ్న: ఎన్నిక కాకపోయినను నీ పిల్ల కక్కడ నేమైన నేర్పి పంపుదురా? మంచి దళములలో నవంబరు, డిసెంబరు నెలల శిబిరమునకు వచ్చిన ప్రతివారికిని రెండు మూడు దినములు నిజమైన పాఠము జెప్పి, చివర నేది సరిదిద్దుకొనవలెనో వ్రాసి యిచ్చుదురు. అదియే యా రుసుమునకు దగిన ఫలము. రెండు దళముల కొకేమారు పోవుటలో దోషము లేదు. ఒకటి మనసున కెక్కినది, ఒకటి అందుబాటులో నున్నది. రెండవదానిని పిల్లలు చిన్నచూపు చూతురు. పెద్దలు చూడరాదు.

వరల్డ్ క్లాసు అను పెద్ద తరగతి గాక ఓపెన్ క్లాసు అను తరగతి యొకటి గలదు. ఇందలి దళములు చిన్నవి, ప్రయాణములు తఱచు కొలది దినములవి, వ్యయమును దక్కువ. బ్లూ డెవిల్సువారే తమ యొద్ద బి, సి అను చిన్న దళములను బెట్టి చిన్న పిల్లలకు నేర్పుచున్నారు. ఇవి గాక సర్వవయస్కుల దళములు కొన్ని గలవు. వారు వారాంతములందే సాధన చేయుదురు గనుక వేసవిలో నుద్యోగమో కళాశాల పాఠములో గలవారికి ననుకూలము. మొదటి వేసవికి ఓపెన్ క్లాసే మేలని మేము గట్టిగ నందుము. నేలపడకయు, ఎండయు తనకు సరిపడునో లేదో పిల్ల అక్కడ తెలిసికొనును. జూలైలో టెక్సాసు ఎండ మన రెంటచింతల యెండకు దీసిపోదు.

ఇప్పు డొక కష్టమైన మాట. ఆడుబిడ్డను రెండు నెలలు పరుల చేతిలో బెట్టుచున్నాము. 1934లో బుట్టిన కేడెట్సు అను ప్రసిద్ధ దళమును చిరకాలము నడపిన యధికారిపై 2018లో పలువురు స్త్రీలు దుష్ప్రవర్తనమును గూర్చి యారోపణలు చేసిరి. ఆతడు పదవి వదలెను. పూర్వకాలపు దురాచారమును గూర్చిన వ్యాజ్యముల చిక్కులలో నా దళము 2024లో మూతపడెను. తొంబదేండ్ల కీర్తి యొక బాలికను గాపాడజాలదని దీనివలన దెలియుచున్నది. కావున తల్లి సంకోచింపక యడుగవలెను. ఉపాధ్యాయుల పూర్వచరిత్రను విచారించి చేర్చుకొందురా? బాలబాలికలకు పడకగదులు వేఱా? పదునెనిమిదేండ్లు నిండనివారికి ప్రత్యేక నియమములు గలవా? ఫిర్యాదు నెవరితో జెప్పుకొనవలెను, ఆ మనిషి యధికారికి లోబడినవాడా కాడా? వెంట వైద్యసహాయకు లుందురా? ఇట్టి ప్రశ్నలకు వ్రాతమూలకముగ వెంటనే సమాధాన మిచ్చు దళము మంచిది. "మా పేరు మీరు వినలేదా" అని నవ్వు దళమునకు మేమైతే పంపము.

ధనపు స్థితినిగూడ నడుగవలెను. 2018లో మహాపోటీ గెలిచిన సాంటాక్లారా వేంగార్డు దళమే ధనపు చిక్కులచేత 2023 వేసవిలో మైదానమునకు రాలేదు. 2024లో మరల వచ్చినది. దళము నిలిచిపోయినను, పిల్ల జబ్బుపడి తిరిగి వచ్చినను చెల్లించిన సొమ్ములో నెంత తిరిగి వచ్చునో ముందే వ్రాయించుకొనుడు.

మాడిసన్ స్కౌట్సు వంటి కొన్ని దళములు దశాబ్దములు బాలురకే పరిమితమై యుండి యిటీవలి కాలమునందే బాలికలకు ద్వారములు దెఱచినవి. అట్టిచోట నిప్పుడు బాలికలెంద ఱున్నారో, స్త్రీ ఉపాధ్యాయు లెందఱో విచారించుట మంచిది.

శాకాహారుల మాట. మాంసము ముట్టని పిల్లలకు వేఱు వంటకము చేయు దళములు గలవు. కాని రోజంతయు నెండలో శ్రమించు పిల్లకు రొట్టెయు కూరాకును చాలవు. చిక్కుడుగింజలు, పెరుగు, గ్రుడ్లు వీనిలో నేవి దొరకునో ముందే తెలిసికొనుడు. పొడవైన జడ టోపీలో దాగవలెను. దాని నెట్లు చుట్టవలెనో ఇంటివద్దనే యభ్యసింపజేయుడు. నెలసరి దినములలో సాధన యాగదు, బస్సు నాగదు. అవసరమైనవి పెట్టెలో వేఱుగ సర్ది పంపవలెను.

పరీక్షకు బోవు పిల్ల ముందుగ దళమువారు పంపు పాఠములను మెట్రోనోము పెట్టుకొని సాధింపవలెను. వేగముకంటె లయయు, వాయించుచు నడచుటయు వారు ముఖ్యముగ జూతురు. బాకా సాధారణముగ దళమువారే యిచ్చుదురు. నోటికి బెట్టు గొట్టము మాత్రము తనదే తీసికొనిపోవలెను. దానితో పెద్ద నీటికూజా, ఎండకు పూసికొను లేపనము, చెవులను గాపాడు బిరడాలు, గట్టి బూట్లు, ఒక దుప్పటి చాలును.

వంటలారీకి మనుష్యులు ఎల్లప్పుడును గావలెను. తల్లులు వారము దినములు వచ్చి కూరగాయలు దరిగినను, చిరిగిన యుడుపులు గుట్టినను సంతోషముగ జేర్చుకొందురు. మన తల్లులలో వీలున్నవారు మొదటి వేసవిలో నొక్క వారమైనను పోవుట మంచిది. దళ మెట్టిదో వంటలారీ దగ్గఱ నిలుచున్నవారికి దెలిసినంతగా ప్రేక్షకుల బల్లలపై గూర్చున్నవారికి దెలియదు.