ఒక వ్రాత, పెక్కు పలుకులు

పలికినట్లు వ్రాయుటకును, వ్రాసినట్లు చదువుటకును అలవడిన తెలుగు విద్యార్థికి ఆంగ్లభాషలో ఎదురగు చిక్కులలో ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరముల కూటమి మిక్కిలి కఠినమైనది. ఈ నాలుగును ఇదే వరుసలో వచ్చినపుడు, ‘గుండా’ అను నర్థముగల మాటను త్రూ అనియు, ‘అయినప్పటికిని’ అను మాటను దో అనియు, గట్టిదనమును దెలుపు మాటను టఫ్ అనియు, దగ్గును కాఫ్ అనియు, చెట్టుకొమ్మను బౌ అనియు, తలంపును థాట్ అనియు, ‘సమగ్రము’ అను మాటను థరో అనియు పలుకవలసియున్నది. దీనిని జూచి ఆ భాషకు నియమమే లేదని పలువురు తీర్మానింతురు. ఆ తీర్మానము సరికాదు. నేడు మూగవోయిన జి, హెచ్‌లు ఒకప్పుడు నిక్కముగా వినబడిన ధ్వనికి గుర్తులు.

వేయి సంవత్సరములకు పూర్వపు ఆంగ్లమున ఈ మాటలలో పెక్కింటియందు నాలుక మొదట ఒరసికొనుచు వెడలు హకారమువంటి ధ్వని యొకటి యుండెడిది. కకార ఖకారములకు ముందు విసర్గము పొందు రూపమును సంస్కృత వైయాకరణులు జిహ్వామూలీయమందురు. ఇంచుమించు అదియే ఈ ధ్వని. నేటి టఫ్‌ను నాడు తోహ్ అనియు, త్రూను థుర్హ్ అనియు పలికెడివారు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి సంప్రదాయమున శిక్షితులైన లేఖకులు క్రమముగా ఆ ధ్వనికి జి, హెచ్‌ల జంటను వాడజొచ్చిరి. 1476లో విలియం కాక్‌స్టన్ వెస్ట్‌మినిస్టరున ముద్రణాలయమును నెలకొల్పెను. అచ్చుయంత్రము వ్రాతను స్థిరపరచుచున్న ఆ శతాబ్దములలోనే పలుకు వేగముగా మారెను: దీర్ఘస్వరములు స్థానము తప్పెను, జిహ్వామూలమున పుట్టిన ధ్వని కొన్ని మాటలలో పూర్తిగా లోపించెను, కొన్నింట పెదవులకు జేరి ఫకారమయ్యెను. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువును ప్రకటించునాటికి పలుకు ఎంతో దూరము సాగిపోగా, వ్రాత మాత్రము నిలిచిన చోటనే నిలిచియుండెను.

ఈ చరిత్ర తెలిసినచో మాటలు తమంతట తామే కుటుంబములుగా ఏర్పడును. ఫకారము వినబడు కుటుంబమున టఫ్‌తోపాటు గరుకైనదను రఫ్, చాలినంతయను ఇనఫ్, దగ్గను కాఫ్, పశువుల తొట్టియను ట్రాఫ్ చేరును. కూటమి తరువాత టి వచ్చినచో పలుకు సాధారణముగా ‘ఆట్’ అగును: కొనెనను బాట్, తెచ్చెనను బ్రాట్, వెదకెనను సాట్, పోరాడెనను ఫాట్ ఇట్టివి, అనావృష్టిని దెలుపు డ్రౌట్ ఇందులకు అపవాదము. కర్తవ్యమును దెలుపు ఆట్ అను మాట, ఋణపడియుండుట యను నర్థముగల క్రియకు పూర్వపు భూతకాలరూపము. తీర్చవలసిన ఋణమే చేయవలసిన పనియైనది. ఇక త్రూ, థరో అనునవి ఒక్క మాటనుండియే చీలిన రెండు రూపములు: ఒక వస్తువు గుండా ఆ చివరివరకు పోవుట త్రూ, ఏమియు విడువక ఆ చివరివరకు చేయుట థరో.

మనకు మరింత ఆనందము గలిగించు బంధుత్వము వేరొకటి కలదు. కొమ్మయను నర్థముగల బౌ అను మాటకు ప్రాచీనరూపము బోగ్. దానికి భుజమనియు, కొమ్మయనియు రెండర్థములుండెడివి. అది మన బాహుశబ్దమునకు జ్ఞాతి. పిసికిన పిండిని దెలుపు డో అను మాటయు, మన దేహశబ్దమును, పిసికి రూపమిచ్చుట యను నర్థముగల ఒకే మూలధాతువునుండి పుట్టినవి. బాహువునందును దేహమునందును మనము నేటికిని స్పష్టముగా పలుకుచున్న హకారమును, ఆంగ్లేయులు వ్రాసియు పలుకని ఆ జి, హెచ్‌లును ఒకే ప్రాచీనధ్వనికి సంతానము.

పొరపాటున ఈ కూటమిలో చేరిన మాటయు లేకపోలేదు. వెక్కిళ్లను దెలుపు హికప్ అను మాటకు దగ్గుతో సంబంధమున్నదని భ్రమించి కొందరు దానికి కాఫ్ వర్ణక్రమమును తగిలించిరి. నేడు పి అక్షరముతో ముగియు రూపమే ఎక్కువ వాడుకలో నున్నది. సంస్కరణ యత్నములును జరిగినవి: అమెరికాలో నోవా వెబ్‌స్టర్ సులభమైన వర్ణక్రమములకై పాటుపడెను, నాగలిని దెలుపు ప్లౌ అను మాటను అమెరికనులు నేడు జి, హెచ్‌లు లేకయే వ్రాయుదురు. అయినను తక్కిన మాటలలో పెక్కు సంస్కర్తలకు లొంగలేదు.

కావున, ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటి. ఈ మాటలను విడివిడిగా వల్లె వేయింపకుడు. కుటుంబములుగా కూర్చి, ముందు చెవికి వినిపించి, పిదప కంటికి చూపుడు. తప్పు పలికిన బాలుని మందమతియని నిందింపకుడు. వ్రాసినట్లు చదివిన ఆ బిడ్డ తన మాతృభాష నేర్పిన ధర్మమునే పాటించినాడు. వ్రాతకును పలుకునకును నడుమ ఐదారు శతాబ్దముల చరిత్ర యున్నదని వానికి చెప్పవలసిన బాధ్యత మనది.