హైడ్రా కొక్కెం వదిలాక

మదనపల్లెలో టమాటా మండీ, పుంగనూరు దారిలో ఆవుల కొట్టం, కుప్పం పల్లెల్లో పట్టుపురుగుల షెడ్డు. ఎక్కడ చూసినా నెత్తిన ఉండేది ఇనుప ట్రస్, దానిమీద పర్లిన్లనే అడ్డకడ్డీలు, వాటిమీద రేకులు. కప్పు మారింది గానీ కప్పు గురించిన మన ఆలోచన ఇంకా మట్టిమిద్దె దగ్గరే ఉంది. మిద్దెకు భయం కింద పడటం. రేకుల షెడ్డుకు భయం పక్కకు ఒరగడం, పైకి లేవడం.

అపోహ: ఇనుము కదా, నిలబెడితే నిలబడుతుంది.

హైడ్రా క్రేను నలభై అడుగుల ట్రస్‌ను ఎత్తి పిల్లర్ల మీద దించుతుంది. పైనున్న కుర్రాడు నట్లు చేత్తో నాలుగు చుట్లు తిప్పి కేకేస్తాడు: "వదిలెయ్‌న్నా, కూసునింది!" హైడ్రాకు బాడుగ గంటల లెక్కన. ఆ తొందరంతా అందుకే.

ఒక అట్టముక్కను అంచు మీద నిలబెట్టి పైనుంచి నొక్కండి, కాస్త బరువు మోస్తుంది. పక్కనుంచి ఊదితే పడిపోతుంది. ఒంటి ట్రస్ కూడా అంతే. బోల్టులు దాని కాళ్లు పట్టుకుంటాయి, తలను పట్టుకునేది ఏదీ లేదు. అందుకే మొదటి ట్రస్‌కు కొప్పు దగ్గర్నుంచి రెండు పక్కలా పగ్గాలు కట్టి, గుండు వేలాడదీసి నిలువు చూసి, నట్లు బిగించాకే కొక్కెం వదలాలి. రెండోది ఎక్కాక రెంటినీ పర్లిన్లతో కలపాలి.

ఇక్కడే అనుభవమున్న మేస్త్రీలూ పొరబడతారు. పర్లిన్లు వేశాం కాబట్టి గట్టిపడిందనుకుంటారు. అడ్డకడ్డీలు మాత్రమే ఉంటే ట్రస్సులన్నీ చేతులు పట్టుకుని ఒకే పక్కకు ఒరుగుతాయి, పేకముక్కల్లాగా. మొదటి రెంటి మధ్య ఏటవాలుగా, గుణకారం గుర్తులా బ్రేసింగ్ పడితేనే అది పెట్టెలా బిగుస్తుంది. మిగతావన్నీ దాన్ని ఆసరా చేసుకుని నిలబడతాయి. పొద్దుగూకిందని బ్రేసింగ్ రేపటికి వాయిదా వేస్తే, రాత్రి గాలి వాయిదా వేసుకోదు.

అపోహ: మనది సముద్రపు ఒడ్డు కాదు, గాలి ఏం చేస్తుంది?

ఏప్రిల్, మే నెలల్లో వడగళ్లతో వచ్చే ఈదురుగాలిని చూసినవాళ్లు కూడా ఈ మాట అంటే నాకు వింతగానే ఉంటుంది. గాలి భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్ల వేగం, చెన్నైకి 50 మీటర్లు లెక్కగట్టమంటుంది. మన ఊళ్లు ఆ రెంటి నడుమ ఉన్నాయి. తక్కువదే తీసుకుందాం. 33 మీటర్లంటే గంటకు 119 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 65 కిలోల పైచిలుకు. అర మిల్లీమీటరు రేకు బరువు అదే చదరపు మీటరుకు నాలుగైదు కిలోలు. కప్పు మీద గాలి నొక్కడం కంటే లాగడమే ఎక్కువ. గోడలు లేని మండీల్లో, కొట్టాల్లో లోపల దూరిన గాలి కిందనుంచి కూడా తోస్తుంది. అంచుల్లో ఆ లాగుడు ఇంకా ఎక్కువ.

రేకు ఎగరకుండా ఆపేది బరువు కాదు. వాషరు సరిగ్గా కూర్చున్న జె బోల్టు, పర్లిన్‌ను ట్రస్‌కు కలిపే క్లీటు, బేస్ ప్లేటు కింద కాంక్రీటులో లోతుగా దిగిన బోల్టు. ఈ వరసలో ఒక్కటి వదులైనా మిగతావి ఉండీ లాభం లేదు. ఇంకో సంగతి. మామూలప్పుడు ట్రస్ కింది కడ్డీ లాగుడులో ఉంటుంది. గాలి కప్పును పైకి లేపినప్పుడు అదే కడ్డీ నొక్కుడులో పడి వంకర తిరుగుతుంది. కింది కడ్డీలను ఒకదానితో ఒకటి కలిపే టైలు దండగ ఖర్చని తీసేసేవాళ్లు ఇది గమనించరు.

అపోహ: పర్లిన్ ఎక్కడ పడితే అక్కడ పెట్టొచ్చు.

చెరకుకు గణుపులున్నట్టే ట్రస్‌కూ ఉంటాయి, కడ్డీలు కలిసే చోట్లు. భారం అక్కడ దిగాలి. డిజైనులో ఆ లెక్క లేకుండా గణుపుకీ గణుపుకీ మధ్యలో పర్లిన్ కూర్చోబెట్టినా, కింది కడ్డీ మధ్యలో చైన్‌బ్లాక్ వేలాడదీసినా ఆ కడ్డీ వంగుతుంది. అడ్డొచ్చిందని ఏటవాలు కడ్డీ ఒకటి కోసేయడం మరీ ఘోరం.

"టాక్ కొట్టినాం గదన్నా, చాలదా?" చాలదు. టాక్ అంటే చుక్కల్లా పెట్టే వెల్డింగ్, ముక్కలను కదలకుండా పట్టి ఉంచడానికే. జాయింటు చుట్టూ వెల్డింగ్ నింపే పని కింద నేలమీదే అయిపోవాలి, పైన వేలాడుతూ కాదు.

పైకెక్కే మనిషికి సేఫ్టీ బెల్టు ఉంటే సరిపోదు, దాని కొక్కెం దేనికి తగిలించారో చూడాలి. టాక్ మీదున్న పర్లిన్‌కు తగిలిస్తే మనిషితోపాటు పర్లినూ వస్తుంది. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. పర్లిన్ల మీద పలక పరిచి నడవాలి.

ఇక హైడ్రా బాడుగ. అది గేటు దాటి రాకముందే పర్లిన్లు కోసి, క్లీట్లు అతికించి, పగ్గాలు కట్టి, బోల్టుల కొలతలు టేపు పెట్టి చూసి, పైన పోయే కరెంటు తీగలెంత దూరమో గమనించి ఉంచుకుంటే, కొక్కెం పట్టి ఉంచడానికి పట్టే అదనపు సమయం ట్రస్‌కు ఓ టీ తాగినంత సేపే.