మధ్యాహ్నపు సద్దికి కూరగాయల చుట్టురొట్టె

తెల్లవారకముందే పొలమునకో, కూలికో, పట్టణమున పనికో బయలుదేరు వారి చేతిలో ఒక సద్దిమూట ఉండును. ఆ మూటలో ఏమున్నది? చాల ఇండ్లలో అన్నము, పచ్చడి, లేదా కొంచెము పులుసు. కడుపు నిండును గాని, దేహమునకు కావలసిన సత్తువ అందదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో తెలంగాణమున నూటికి 57 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా రక్తహీనతకు లోనై యున్నారు. దీనికి కారణములు పెక్కు కలవు. అయినను నిత్యము తిను తిండి వానిలో ముఖ్యమైనది. కావున సద్దిమూటను గురించి యోచించుట పంచాయతీ సభ్యులకు చిన్న విషయము కాదు.

పాతనగరము నేర్పు పాఠము

హైదరాబాదు పాతనగరమున, పురానీ హవేలీ సమీపమున, మీర్ ఆలం మండీ అను కూరగాయల బజారు కలదు. 1804 నుండి 1808 వరకు నిజాము దివానుగా ఉండిన మీర్ ఆలం పేరు దానికి నిలిచినది. బస్తాలు మోయు హమాలీలకు, బండ్లు తోలువారికి, చిల్లర వర్తకులకు తీరికగా కూర్చుండి విస్తరి వేసికొను వ్యవధి ఉండదు. చేతితో పట్టుకొని తినగల తిండియే వారికి అనుకూలము. ఆ నగరమున పేరొందిన రుమాలీ రొట్టెను బోర్లించిన ఇనుప మూకుడుపై కాల్చి, చేతిరుమాలువలె మడతురు. లోపల కూర పెట్టి చుట్టిన, కంచము లేకయే భోజనము ముగియును. ఈ పద్ధతి మెచ్చదగినదే. కాని రుమాలీ రొట్టె సాధారణముగ మైదాతో చేయునది. మైదాలో పీచు తక్కువ. పద్ధతిని పాతనగరము నుండి గ్రహించి, పిండిని మన చేల నుండి గ్రహించుట మేలని మేము తలంచుచున్నాము.

జొన్న ఏల?

కూనూరులో 1918లో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ననుసరించి, 100 గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నవి. తెల్లబియ్యములో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడ లేదు. జొన్నకు పప్పుధాన్యము తోడైనచో, ఒకదాని కొరతను మరియొకటి తీర్చును.

చేయు విధానము

నలుగురికి, మనిషికి రెండు చొప్పున, ఎనిమిది రొట్టెలకు 300 గ్రాముల జొన్నపిండి, 100 గ్రాముల గోధుమపిండి చాలును. జొన్నపిండిలో గోధుమపిండికుండు జిగురు లేదు. అందుచేత ఒట్టి జొన్నరొట్టె చుట్టినచో విరుగును. దీనికి ఉపాయము రెండు విధములు. మొదటిది, జొన్నపిండిపై మరగిన నీరు పోసి కలిపి, గోరువెచ్చనైన పిమ్మట గోధుమపిండి చేర్చి బాగుగ మర్దించుట. రెండవది, పలుచగ చేసి కాల్చిన రొట్టెలను వెంటనే శుభ్రమైన గుడ్డలో ఒకదానిపై నొకటి పేర్చి కప్పియుంచుట. అట్లు చేసిన అవి మెత్తబడి, చుట్టుటకు లొంగును.

కూరకు క్యాబేజీ, క్యారెట్, బీన్సు మున్నగు అగ్గువగ దొరకు కూరగాయలు అరకిలో, తోటకూర లేక మెంతికూర ఒక కట్ట, నానబెట్టి ఉడికించిన పెసలు పిడికెడు, ఉల్లిగడ్డలు రెండు తీసికొనవలెను. కొంచెము నూనెలో ఉల్లి, పచ్చిమిర్చి వేయించి, సన్నగ తరిగిన కూరగాయలు వేసి, పెద్దమంటపై తడి ఇగురువరకు వేపవలెను. ఉప్పు ముందుగ వేసిన కూర నీరూరును. కావున చివర వేయుట మంచిది. వేయించి దంచిన పల్లీల పొడి, నువ్వుల పొడి రెండు మూడు చెంచాలు చల్లిన, మిగిలిన తడిని పీల్చి రుచి నిచ్చును. దింపిన పిదప నిమ్మరసము పిండవలెను. నిమ్మలోని సి విటమిన్ ఆకుకూరలోని, జొన్నలోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. భోజనముతో పాటు టీ త్రాగుట ఇందుకు విరుద్ధము. గంట సేపు ఆగవలెను.

గమనింపవలసిన జాగ్రత్తలు

కూర పూర్తిగ చల్లారిన తరువాతనే చుట్టవలెను. వేడికూర ఆవిరి రొట్టెను నానబెట్టి, త్వరగ పాచిపోవునట్లు చేయును. వేసవిలో నాలుగు గంటల లోపుగ తినుట క్షేమము. వార్తాపత్రికల కాగితములో చుట్టరాదు. అచ్చుసిరా ఆహారమున కలియును. కేంద్ర ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2018 నియమములలో దీనిని నిషేధించినది. మన మోదుగాకు, ఉతికిన నూలుగుడ్డ, లేదా స్టీలు డబ్బా చాలును.

పంచాయతీ చేయదగిన పని

కూరగాయ కొనవలసి వచ్చినప్పుడే సద్దిమూటలో కూర తగ్గును. పంటకారు, రైతు వినియోగదారుతో నేరుగ కలిసికొనుటకై 1999లో రైతుబజారులు ఏర్పడినవి. అవి దగ్గర లేని గ్రామములలో పెరటితోటయే శరణ్యము. బడి ఆవరణలోను, పంచాయతీ ఖాళీస్థలములలోను మునగ, తోటకూర, బచ్చలి పెంచుటకు సభ్యులు పూనుకొనవచ్చును. చేతిపంపుల వద్ద వృథాగ పోవు నీరే వానికి చాలును. మహిళాసంఘముల సమావేశములో ఒకసారి ఈ రొట్టెను చేసి చూపించిన, వంద మాటల కన్న మిన్న. కూలిపని జరుగు చోట నీడ, మంచినీరు, చేతులు కడుగుకొనుటకు నీళ్లు ఉన్నవా అని విచారించుటయు సభ్యుల విధియే.

ఇంటిలో అందరికిని వడ్డించి, మిగిలినది తాను మూటకట్టుకొని పోవు తల్లి మనకు తెలియని మనిషి కాదు. ఆమె సద్దిలోను కూర ఉండవలెను. వచ్చు గ్రామసభలో ఈ ప్రస్తావనను తెచ్చు సభ్యులు తమ గ్రామమునకు మేలు చేసినవారగుదురు.