బేస్‌బాల్ సగటులు: వెయ్యింటికి అయిదు తేడా

2024 మే నెలలో అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ తన రికార్డుల పట్టికను సవరించినది. అంతవరకు జీవితకాలపు బ్యాటింగ్ సగటులో ప్రథమస్థానము టై కాబ్‌ది. అతని సగటు 0.367. సవరణ తరువాత ఆ స్థానము 0.372 సగటుతో జోష్ గిబ్సన్‌కు దక్కినది. గిబ్సన్ 1947లోనే మరణించెను. నల్లజాతి ఆటగాళ్లకు వేరుగా నడచిన నీగ్రో లీగుల లెక్కలను ఇన్నాళ్లకు పట్టికలో చేర్చిరి. ఈ రెండు సగటుల నడుమ తేడా వెయ్యింటికి అయిదు. దానిని ఎంతవరకు నమ్మవచ్చును?

క్రికెట్టులో సగటు అనగా పరుగులను అవుటైన సార్లతో భాగించుట. బేస్‌బాల్ సగటులో పరుగుల ప్రసక్తి లేదు. ఎదుటివారి పొరపాటు వలన గాక, తన దెబ్బ వలననే బ్యాటర్ క్షేమముగా బేస్ చేరినచో అది ఒక హిట్. హిట్ల సంఖ్యను ప్రయత్నముల సంఖ్యతో భాగించగా సగటు వచ్చును. నాలుగు చెడ్డ బంతులు పడి ఊరకే బేస్ దొరికిన సందర్భములు ఈ లెక్కలో చేరవు. పదింట మూడు కొట్టువాడు మంచి ఆటగాడే. ఇట్టి పరీక్షలో మన విద్యార్థి ఎవడును ఉత్తీర్ణుడు కాడు!

ప్రతి ప్రయత్నమును ఒకవైపు మొగ్గుగల నాణెమును ఎగురవేయుటతో పోల్చవచ్చును. కొద్దిసార్లు ఎగురవేసి ఆ మొగ్గు ఎంతో తేల్చలేము. 1970 సీజన్‌లో రొబర్టో క్లెమెంటే తొలి 45 ప్రయత్నములలో 18 హిట్లు కొట్టెను, సగటు 0.400. థర్మన్ మన్సన్ అన్నే ప్రయత్నములలో 8 మాత్రమే కొట్టెను, సగటు 0.178. ఆకాశపాతాళముల తేడా! కాని మిగిలిన సీజన్‌లో వారి సగటులు వరుసగా 0.346, 0.316. జీవితకాలము మీద 0.317, 0.292. ఎఫ్రన్, మోరిస్ అను గణాంకశాస్త్రజ్ఞులు 1977లో ఈ ఇద్దరితో కలిపి 18 మంది లెక్కలను పరిశీలించి, ఒక్కొక్కని తొలి సగటును అందరి సగటువైపు కొంత లాగినచో మొత్తముమీద అంచనా మెరుగగునని చూపిరి. చార్లెస్ స్టైన్ 1956లో కనుగొన్న సూత్రమే దీనికి ఆధారము.

45 ప్రయత్నములకు సగటులోని ప్రామాణిక దోషము సుమారు 0.07. ప్రయత్నములు 49 రెట్లయినచో దోషము 49వ వంతు కాదు. వర్గమూలము ననుసరించి 7వ వంతు మాత్రమే అగును. గిబ్సన్ ప్రయత్నములు లెక్కకు దొరికినవి రెండువేలకు పైన. కనుక అతని దోషము సుమారు 0.01. కాబ్ ప్రయత్నములు 11,400కు పైన, దోషము 0.0045. తేడాయో 0.005. పట్టికలో ఎవరి పేరు పైన వ్రాసినను, ఇద్దరిలో ఎవరు మిన్నయో ఈ అంకెలు చెప్పజాలవు.

గిబ్సన్ ప్రయత్నములు అంత తక్కువ అగుటకు కారణము గణితములో లేదు. మేజర్ లీగ్ తలుపులు అతనికి ఎన్నడును తెరువబడలేదు. నీగ్రో లీగులలో లెక్కకు వచ్చు ఆటలు తక్కువ. లీగుకు వెలుపల ఆడినవి అనేకము. 1947 జనవరిలో, 35వ ఏట అతడు మరణించెను. ఆ ఏప్రిల్‌లోనే జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో ప్రవేశించెను. 2024లో పట్టికను సవరించునాటికి 1920-1948 నడుమ జరిగిన నీగ్రో లీగు ఆటల లెక్కలు సుమారు 75 శాతమే చేకూరినవి. పాత పత్రికలలో మిగిలిన స్కోరులు దొరికిన కొలది 0.372 అను అంకె మరల మారవచ్చును.