గేమ్ బాయ్

గేమ్ బాయ్ జపాను దేశానికి చెందిన నింటెండో సంస్థ తయారుచేసిన, చేతిలో పట్టుకొని ఆడుకొనే వీడియో గేమ్ యంత్రం. ఇది 1989 ఏప్రిల్ 21న జపానులోను, అదే సంవత్సరం అమెరికాలోను, 1990లో ఐరోపాలోను విడుదలైనది. తన కాలపు యంత్రాలలో ఇది మిక్కిలి శక్తిమంతమైనది కాదు. అయినప్పటికీ ఇదియు, దీని తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

రూపకల్పన

గున్‌పెయ్ యొకోయ్ నాయకత్వంలోని బృందం దీనిని రూపొందించినది. ఇంజనీరు సతోరు ఒకాడా ఇందులో ముఖ్యపాత్ర వహించాడు. ఖరీదైన సరికొత్త పరిజ్ఞానం కంటె, బాగా వాడుకలోకి వచ్చి చవకైన పరిజ్ఞానాన్ని కొత్త విధంగా ఉపయోగించుట మేలని యొకోయ్ అభిప్రాయం. గేమ్ బాయ్ నిర్మాణమంతటా ఈ ఆలోచనే కనిపిస్తుంది.

ప్రాసెసర్, మెమరీ

ఇందులో షార్ప్ సంస్థ తయారుచేసిన 8 బిట్ ప్రాసెసర్ ఉన్నది. దాని వేగం సుమారు 4.19 మెగాహెర్ట్జ్. ప్రధాన మెమరీ 8 కిలోబైట్లు, బొమ్మలకు కేటాయించిన మెమరీ మరో 8 కిలోబైట్లు. దృశ్యాన్ని 8×8 చుక్కల చిన్న పలకలతో కూర్చుతారు. ఒకే పలకను తెరపై అనేక చోట్ల వాడుకోవచ్చు కనుక స్వల్ప మెమరీతోనే పెద్ద దృశ్యాలు సాధ్యమైనవి. కదిలే బొమ్మలు ఒకేసారి 40 వరకు ఉండవచ్చు, కాని ఒక అడ్డువరుసలో 10కి మించి కనిపించవు. అందువలన రద్దీ ఎక్కువైనప్పుడు కొన్ని ఆటలలో బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి.

తెర, శబ్దం

తెరపై అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు ఉంటాయి. రంగులు లేవు, ఆకుపచ్చ నేపథ్యంపై నాలుగు ఛాయలు మాత్రమే కనిపిస్తాయి. తెర వెనుక దీపం లేనందున బయటి వెలుతురు తప్పనిసరి. వేగంగా కదిలే బొమ్మలు కొంత అలికినట్లు కనిపిస్తాయి. శబ్దానికి నాలుగు మార్గాలున్నవి. ఇయర్‌ఫోన్లు తగిలిస్తే స్టీరియోలో వినవచ్చు.

బ్యాటరీలు, పోటీ

అటారి లింక్స్ (1989), సెగా గేమ్ గేర్ (1990) యంత్రాలకు వెనుక దీపమున్న రంగుల తెరలు ఉండేవి. కాని అవి ఆరు ఏఏ బ్యాటరీలు తీసుకొని సాధారణంగా ఐదు గంటలలోపే ఆగిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో 10 గంటలకు పైగా పనిచేసేది, ధర కూడా తక్కువ. ప్రయాణాలలో ఆడుకొనువారికి రంగుల కంటె ఈ సౌకర్యమే ముఖ్యమైనది. లోపంగా కనిపించిన సాదా తెరయే ఈ విధంగా దాని బలమైనది.

కార్ట్రిడ్జ్‌లు, ఆటలు

ఆటలు మార్చదగిన కార్ట్రిడ్జ్‌లలో లభించేవి. కొన్నింటిలో ఆట ఎంతవరకు వచ్చినదో గుర్తుంచుకొనుటకు చిన్న బ్యాటరీ ఉండేది. యంత్రాన్ని ఆన్ చేయగానే కార్ట్రిడ్జ్‌లోని నింటెండో చిహ్నం సరియైనదో కాదో పరీక్షించేది; సరిపోనిచో ఆట మొదలయ్యేది కాదు.

అమెరికాలో దీనితోపాటు టెట్రిస్ అను ఆటను ఇచ్చారు. సోవియట్ యూనియన్‌కు చెందిన అలెక్సీ పజిత్నోవ్ 1984లో సృష్టించిన ఈ ఆటకు నాలుగు ఛాయలే చాలు. రెండు యంత్రాలను తీగతో కలిపి ఇద్దరు పోటీపడవచ్చు. 1996లో జపానులో వచ్చిన పోకెమాన్ ఆటలు ఈ తీగను మరొక విధంగా వాడుకొన్నవి. వాటిలోని జీవులన్నీ ఒకే కార్ట్రిడ్జ్‌లో దొరకవు కనుక స్నేహితులతో మార్చుకొనవలసి వచ్చేది.

తరువాతి నమూనాలు

1996లో రెండు చిన్న బ్యాటరీలతో పనిచేసే గేమ్ బాయ్ పాకెట్, 1998లో జపానులో మాత్రమే వెనుక దీపమున్న గేమ్ బాయ్ లైట్, అదే సంవత్సరం గేమ్ బాయ్ కలర్ వెలువడినవి. యొకోయ్ 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. 2003లో గేమ్ బాయ్ తయారీ ముగిసినది.

విశేషం

1993లో రష్యా వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ గేమ్ బాయ్‌ను, టెట్రిస్ ఆటను మిర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకొనివెళ్ళాడు.