క్రైస్తవ కథ రాయాలనుకుంటున్నారా? ముందు ప్రసంగం పక్కన పెట్టండి

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది కథలు రాయడం గురించి. పాట, ప్రసంగం, సాక్ష్యం... ఇవి మన సంఘాల్లో బాగా అలవాటైనవే. కథ మాత్రం కొంచెం తక్కువ. ఇప్పుడు ఫోన్‌లోనే తెలుగు టైప్ చేసి ప్రతిలిపి లాంటి యాప్‌లో పెట్టేయొచ్చు కాబట్టి చాలామంది మొదలుపెడుతున్నారు. ఇక్కడ కిషన్‌బాగ్‌లో మా యూత్ మీటింగ్‌కి వచ్చే పిల్లలు కూడా రాసి నాకు వాట్సాప్‌లో పంపుతుంటారు. వాళ్లకి విడివిడిగా చెప్పే మాటలే ఇవాళ మీ అందరికీ చెప్తున్నా.

నాకు వచ్చే కథల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. తాగుబోతు భర్త, ఏడ్చే భార్య. పక్కింటావిడ మీటింగ్‌కి తీసుకెళ్తుంది. ప్రార్థన చేస్తారు. ఆయన మారిపోతాడు, జబ్బు పోతుంది, అప్పు తీరుతుంది. చివర్లో ఒక వాక్యం. అయిపోయింది.

ఇలాంటివి జరగవని నేను అనట్లేదు. జరిగితే అది సాక్ష్యం. నిజంగా జరిగింది కాబట్టే దానికి బలం. కానీ కథలో జబ్బు మీరే తెప్పించి, మీరే బాగుచేస్తే అందులో ఎవరికీ ఖర్చేమీ లేదు. పైగా నష్టం ఉంది. మీ కథ చదివే ఒక అమ్మాయి ఉందనుకోండి. వాళ్లమ్మ కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. అమ్మ బతకలేదు. ఆ అమ్మాయి రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో మీ కథ చదివి ఏమనుకుంటుంది? "నా విశ్వాసమే చాలలేదన్నమాట" అనుకుంటుంది. ఆ మాట మీరు రాయలేదు. కానీ మీ కథ ఆమెకి ఆ మాటే చెప్పింది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నా.

యేసు ప్రభువు కథలు ఎలా చెప్పారో చూడండి. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి ఉపమానం మనందరికీ తెలుసు. దాని ముగింపు గుర్తుందా? చిన్నవాడు తిరిగొచ్చాడు, ఇంట్లో విందు. పెద్దవాడు కోపంతో బయటే నిలబడ్డాడు. తండ్రి వచ్చి బతిమాలాడు. తర్వాత వాడు లోపలికి వెళ్లాడా లేదా? చెప్పలేదు. కథ అక్కడే ఆగింది, ఎందుకంటే వింటున్నవాళ్లలో పెద్ద కొడుకులు ఉన్నారు. మిగతాది వాళ్లు తేల్చుకోవాలి. యోనా గ్రంథం కూడా ప్రశ్నతోనే ముగుస్తుంది. ఎస్తేరు గ్రంథంలో అయితే, హెబ్రీ మూలంలో దేవుడి పేరే రాదు. అయినా అది బైబిల్లో ఉంది. కాబట్టి ప్రతి పేజీలో దేవుడి పేరు ఉంటేనే క్రైస్తవ కథ అనే లెక్క బైబిల్‌కే సరిపోదు.

సరే, ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇది నేను కల్పించిన మనిషి. పేరు ఎస్తేరమ్మ. కిషన్‌బాగ్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. అత్తాపూర్ వెళ్లి అపార్ట్‌మెంట్లలో వంట చేస్తుంది. స్త్రీల సమాజం డబ్బులు ఆమె దగ్గరే ఉంటాయి, అందరికీ ఆమె మీద నమ్మకం. క్రిస్మస్ కోసం పోగైన 18,000 రూపాయలు బియ్యం డబ్బాలో దాచింది. కొడుకు లోన్ యాప్‌లో అప్పు చేశాడు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామని వాళ్లు బెదిరిస్తున్నారు. ఆమె డబ్బాలోంచి 6,000 తీసింది. ఆదివారం లెక్క చెప్పాలి. ఇవాళ శుక్రవారం.

బలహీనమైన కథ ఇక్కడ ఏం చేస్తుందో మీకు తెలుసు. శనివారం రాత్రి కన్నీటి ప్రార్థన. ఆదివారం పొద్దున ఎవరో తలుపు కొట్టి సరిగ్గా 6,000 చేతిలో పెడతారు. చదివినవాళ్లు ఆమెన్ అని కామెంట్ పెట్టి పైకి స్క్రోల్ చేస్తారు. ఎందుకు గుర్తుండదు? ఎస్తేరమ్మ ఏమీ ఎంచుకోలేదు కాబట్టి. కథంటే మనిషి ఎంచుకోవడం. ఎంచుకోవాలంటే రెండు వైపులా ఏదో పోవాలి.

ముందు పాపం దగ్గర ఆగండి. మనం పాపాన్ని రెండు రకాలుగా పాడుచేస్తాం. ఒకటి, అసలు చూపించం. లేదంటే సినిమా విలన్‌లా చూపిస్తాం. "ఆమె దొంగతనం చేసింది" అని రాయకండి. ఎలా తీసిందో రాయండి. రబ్బర్ బ్యాండ్ తీసి ఐదొందల నోట్లు పన్నెండు లెక్కపెట్టింది. "అప్పుగానే కదా" అని పైకే అనుకుంది, ఇంట్లో ఎవరూ లేకపోయినా. బియ్యం మళ్లీ సమంగా సర్దింది. ఇంతే చాలు. చదివేవాళ్లకి తమ ఇంట్లో డబ్బా గుర్తొస్తుంది.

ఇప్పుడు ప్రార్థన. ఎస్తేరమ్మ ప్రార్థన చేయాలి, చేయకపోతే ఆమె ఎస్తేరమ్మే కాదు. కానీ ప్రార్థనని స్విచ్‌లా వాడొద్దు, నొక్కగానే లైట్ వెలగడానికి. ఆమె గంటసేపు మోకాళ్ల మీద ఉంది, డబ్బు కోసం అడిగింది. లేచేటప్పుడు ఒకటి తట్టింది: ఇంతసేపూ డబ్బు అడిగాను గానీ, క్షమించమని ఒక్కసారీ అడగలేదు. చూశారా, బయట ఏమీ మారలేదు. లోపల మారింది. కథ ముందుకు కదిలింది.

దేవుడు మౌనంగా ఉన్నట్టనిపించే చోటు గురించి రాయాలంటే షుసాకు ఎండో నవల 'సైలెన్స్' చూడండి. ఆయన జపాన్ దేశపు క్యాథలిక్ రచయిత. 1966లో వచ్చింది. 2016లో మార్టిన్ స్కోర్సెసీ దాన్ని సినిమాగా తీశారు. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో, విశ్వాసుల్ని హింసిస్తున్న రోజుల్లో ఒక ఫాదర్ ఏం చేయాలి అన్నదే కథ. సుఖమైన జవాబు ఉండదు. కానీ పుస్తకం మూసేశాక మీరు ప్రార్థన చేసే తీరు మారుతుంది.

తర్వాత భాష. ఇక్కడ మనకో పెద్ద ఆస్తి ఉంది, వాడుకోవట్లేదు. మన పాత బైబిల్ తెలుగు గ్రాంథికం. అందుకే మన పెద్దవాళ్లు ప్రార్థనలో "దయచేయుము, కాపాడుము" అంటారు. అదే మనిషి కూరగాయల బండి దగ్గర "టమాటా కిలో ఎంత?" అంటారు. పాతబస్తీలో అయితే గల్లీలోకి రాగానే "కైకు", "నక్కో" కూడా మొదలవుతాయి. ఒక్క ఎస్తేరమ్మ నోట్లో మూడు భాషలు! చాలామంది ఏం చేస్తున్నారంటే, ఇంట్లో మాటలు కూడా పుల్పిట్ మీది తెలుగులో రాస్తున్నారు. "కుమారుడా, భోజనము చేసితివా" అని ఏ అమ్మా అడగదు. ఆ పెద్ద భాషని ప్రార్థనకి దాచండి. అప్పుడు ఎస్తేరమ్మ ప్రార్థన మధ్యలో భాష మర్చిపోయి "నాకు భయమైతుంది అయ్యా" అంటే, అక్కడ చదివేవాళ్ల గొంతు పట్టుకుంటుంది.

తెలుగులో మనకి దారి చూపినవాళ్లు లేరా? ఉన్నారు. గుర్రం జాషువా గారు క్రైస్తవుడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కానీ జనం ఎక్కువగా తలుచుకునేది 'గబ్బిలం'. అందులో అంటరానివాడు తన బాధని గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. క్రైస్తవ కవి, పాత్ర మాత్రం తన నోటితో తన దేవుడికే చెప్పుకుంటుంది. పాత్రకి ఆ స్వేచ్ఛ ఇవ్వడం మనం నేర్చుకోవాలి.

నవల కావాలంటే జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం', 2000లో వచ్చింది. రూతు అనే పెద్దావిడ జ్ఞాపకాల్లోంచి తరాల కథ. కరువు, బకింగ్‌హాం కాలువ పనులు, మిషనరీలు, మతం మారినా వదలని కులం అన్నీ అందులో ఉన్నాయి. అదేమీ భక్తి నవల కాదు, నక్సలైట్ ఉద్యమం దాకా వెళ్తుంది. కానీ ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సంఘ చరిత్రలో చదువుతాం కదా, ఆ అంకె వెనక ఆకలి, అవమానం, ఆశ ఎలా ఉండేవో ఇలాంటి నవల చదివితే తెలుస్తుంది. ఎం.ఎం. వినోదిని గారు తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్నే తప్పిపోయిన కూతురి కథగా మార్చి రాశారు. తెలిసిన వాక్యాన్ని ఇంకో వైపు నుంచి చూడటం అంటే అదీ.

మన జీవితాల్లో ఎవరూ రాయని విషయాలు ఇంకెన్నో. ఒకటి చెప్తా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. అందుకే సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు ఉన్నవాళ్లు కనిపిస్తారు. ఎస్తేరమ్మ ఆధార్ కార్డులో ఏ పేరుంది? సంఘంలో ఆమెని వేలెత్తి చూపించేవాడి కార్డులో ఏ పేరుంది? దీన్ని ఎగతాళికి వాడొద్దు, తీర్పుకీ వాడొద్దు. ఆ మనిషి ఏం పోగొట్టుకుంటాడో, ఏం భయపడతాడో రాయండి.

చివరిది, పొరుగువాడు. లూకా 10లో మంచి సమరయుడి కథ ఎవరికి చెప్పారు? సమరయుల్ని చిన్నచూపు చూసేవాళ్లకి. అందులో సాయం చేసినవాడు వాళ్ల మనిషి కాదు. మనమేమో మన కథల్లో వేరే మతంవాళ్లని అయితే చెడ్డవాళ్లుగా, లేదా మారడానికి ఎదురుచూసేవాళ్లుగా రాస్తున్నాం. కిషన్‌బాగ్‌లో ఉండి అలా రాయడం నాకైతే చేతకాదు. 2014 మే 14న ఇక్కడ సిక్ ఛావనీ దగ్గర జెండా కాల్చారన్న విషయం మీద గొడవ అయ్యింది, కాల్పుల్లో ముగ్గురు పోయారు. పక్కింటివాళ్ల గురించి మనం చెప్పుకునే కథలు ఉత్త కథలుగా ఉండిపోవు.

అందుకని ఎస్తేరమ్మ పక్కింట్లో మెహరున్నిసా ఆపాని పెట్టండి. శనివారం రాత్రి ఆమే 6,000 తెచ్చిస్తుంది. కానీ ఆమెని దేవతని చేయకండి. విసుక్కుంటుంది, కొడుకుని తిడుతుంది, రంజాన్ లోపు తిరిగివ్వాలని గట్టిగా చెప్తుంది. ఇప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. డబ్బు వచ్చేసింది, లెక్క సరిపోతుంది, ఎవరికీ తెలియదు. ప్రార్థనకి జవాబు వచ్చిందనుకుని ఊరుకోవాలా? లేక లేచి నిజం చెప్పి, ఇన్నేళ్ల నమ్మకం పోగొట్టుకోవాలా? మొదట్లో కథ ముగించేసిన 6,000, ఇక్కడ కథని మొదలుపెట్టింది.

ఆదివారం. అక్క "లెక్క చెప్పండి" అంది. ఎస్తేరమ్మ నోటుబుక్ పట్టుకుని లేచింది. నేనైతే అక్కడ ఆపేస్తా. పెద్ద కొడుకుని గుమ్మం దగ్గర వదిలేసినట్టు.

ఈ వారం మీ పని: 300 పదాల్లో ఒక కథ. వాక్యం ఉండకూడదు, అద్భుతం ఉండకూడదు, పాస్టరు గారు వచ్చి సర్దకూడదు. ఒక విశ్వాసి, ఒక పొరుగువాడు, తప్పించుకోలేని ఒక ఎంపిక. రాశాక పైకి చదవండి, నోటికి అడ్డం పడ్డ మాటని తీసేయండి. వచ్చే ఎపిసోడ్‌లో సంభాషణలు రాయడం గురించి మాట్లాడుకుందాం.